అమ్మ ఏరిన చేప

అనగా అనగా, పక్షులకు మాటలున్న కాలంలో, ధవళ అనే గూడబాతు ఉండేది. తన గుంపుతో పాటు పుట్టిన దేశం విడిచి, కొండలెన్నో దాటి, ఊరూ పేరూ తెలియని ఒక చెరువుకు వచ్చి గూడు కట్టుకుంది. దానికి ఒక్కగానొక్క కొడుకు, తెప్పన్న.

పరాయి నీళ్లాయె. ఏ చేపలో ఏముందోనని ధవళకు ఎప్పుడూ గుబులే. బురదలో తిరిగినదాన్ని వదిలేసేది, నీరసంగా ఈదేదాన్ని వదిలేసేది. మేలైనదాన్ని ఏరి, గొంతు కింది సంచిలో పెట్టుకొచ్చేది. తెప్పన్న ఆ సంచిలో తల దూర్చి తినేవాడు.

రెక్కలు ముదిరాక వాడికి సిగ్గు పుట్టింది. "ఏరా సంచిలో దొరా, ఇవాళ మీ అమ్మ నమిలి కూడా పెట్టిందా?" అని ఈడు పిల్లలు ఆటపట్టించేవారు.

ఒకనాడు ధవళ తెచ్చిన కొర్రమీను వద్దన్నాడు. ఆకలి లేదేమో అనుకుంది. మర్నాడు పరిగె చేపలు తెస్తే వాటినీ ముట్టలేదు. జాలర్లు ఒడ్డున పారేసిన చేప తలకాయలు నేస్తాలతో కలిసి తినొచ్చాడు. వాసన పట్టి ధవళ తిట్టింది, ఇక తిననని ఒట్టు వేయించుకుంది. మూడోనాడు వాడికి ప్రాణమైన బొచ్చె చేప తెచ్చి బతిమాలింది.

"చేప మంచిదేనమ్మా," అన్నాడు తెప్పన్న. "నేను పట్టింది కాదు, అంతే."

కుళ్లు తలకాయల పాటి చేయలేదా నా చేప అని సణుక్కుంటూ ధవళ అటు తిరిగి కూర్చుంది. వాడొక్కడే నీళ్లలోకి దిగాడు.

వాడు పట్టిన తొలి చేప జెల్ల. రొమ్ము విరుచుకుని ఒడ్డుకొచ్చి, అందరూ చూస్తుండగా తోక వైపు నుంచి మింగాడు. ముళ్లు విచ్చుకుని గొంతులో దిగబడ్డాయి.

చేపను తల వైపు నుంచి మింగితే ముళ్లు ముడుచుకుంటాయి. గూడబాతులన్నిటికీ తెలిసిన సంగతే. తెప్పన్నకే తెలీదు. ప్రతి చేపనూ ధవళ తన సంచిలోనే తిప్పి అందించేది మరి.

ఒక ముసలి గూడబాతు ముళ్లు లాగి వాడి ప్రాణం నిలిపింది. "ఇంత చిన్న సంగతి పిల్లాడికి చెప్పలేదా తల్లీ?" అని అడిగింది. ధవళ తల దించుకుంది. చెప్పే పని పడకుండా అన్నీ తానే చేసింది.

చెరువు ఎండే వేళకు గుంపంతా స్వదేశం వైపు లేచిపోయింది. గొంతులో పుండు మానక, సరిగా తినలేక నీరసించిన తెప్పన్న ఎగరలేకపోయాడు. ధవళ వాడితో ఆగిపోయింది.

మిగిలిన మడుగులో వాడు మళ్లీ ఒక చేపను పట్టాడు. ధవళ ముక్కు దానంతటదే ముందుకు సాగింది. బలవంతాన వెనక్కి తీసుకుంది.

"ఎటు నుంచి మింగాలమ్మా?" అని వాడే అడిగాడు.

చెప్పింది. చెప్పడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. తలెత్తి చూస్తే ఆకాశంలో గుంపు జాడ లేదు.

బిడ్డకు ఏరి పెట్టడం ప్రేమే గాని, రెక్కలు రాకముందే ఏరుకోవడం నేర్పాలి. వచ్చాక ఏ బిడ్డా అమ్మ నోటి ముద్ద కోసం ఆగడు.