ఖాయం నూకరాజు

గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ అడవుల అంచున ఉన్న పాతమొగ అనే పల్లెలో నూకరాజు అనే పడవవాడు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, తన చేతిలో లేనిదానికి కూడా "ఖాయం" అని మాట ఇచ్చేసే జబ్బు అతనికి ఉండేది. రేపు వాన వస్తుందా అని అడిగితే ఖాయం అనేవాడు. రాదేమో అని ఇంకొకరు అంటే, అదీ ఖాయమే అనేవాడు. ఊరంతా అతన్ని ఖాయం నూకరాజు అని పిలిచేవారు.

నూకరాజు చేపల వేట మానుకుని, యాత్రికులను పడవలో తిప్పి మడ అడవి చూపించే పని పెట్టుకున్నాడు. ఆ పనికి అతను వేసిన ప్లానుకు వంక పెట్టడానికి లేదు. సముద్రం పోటెక్కినప్పుడు ఆ నీటితో పాయలోకి వెళ్ళాలి, పాటు మొదలై నీరు తీయగానే వెనక్కి మళ్ళాలి. వెళ్ళేటప్పుడు మొదటి మలుపులో కొంగల గూళ్ళు, ఆ తర్వాత లకుముకి పిట్టలు. ఇసుక దిబ్బ మీద అల్లం టీ. తిరుగు దారిలో, నీరు తీసిన బురద మీద ఎర్ర పీతల పరుగులు. ఏది ఎప్పుడు చూపించాలో అతనికి కొట్టిన పిండి.

వచ్చిన చిక్కల్లా నీటికుక్కలతోనే. నీటికుక్క అంటే ఊరకుక్కలాంటిది కాదు. నున్నటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, పొడుగాటి తోక ఉండి, నీళ్ళలో ఈదుతూ చేపలు పట్టుకు తినే జంతువు. జనం వచ్చేది దాన్ని చూడటానికే. ఎందుకు రారు? "నీటికుక్కను చూపించడం ఖాయం" అని నూకరాజే పడవకు బోర్డు రాయించి కట్టాడు. కొంగలు ప్లాను ప్రకారం గూళ్ళలో కూర్చునేవి. నీటికుక్కలకు మాత్రం ఆ ప్లాను సంగతి ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు పడవ దిగుతూ ఒక పెద్దాయన నవ్వాడు. "బోర్డు మీదున్నదే నీటికుక్కనుకోమంటావా అబ్బాయ్?" అన్నాడు.

నూకరాజుకు తల కొట్టేసినట్టయింది. ఆ మర్నాటి నుంచి ఒంటరిగా పాయలోకి వెళ్ళి, తెడ్డుతో పడవ అంచు మీద టకటకా కొట్టి, కొయ్యింగ చేపలు నీళ్ళలోకి విసరడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆ చేపలన్నీ గద్దల పాలయ్యాయి. కొన్నాళ్ళకు మడ వేళ్ళ మధ్య నుంచి ఒక తల పైకి లేచింది. అది చెవి చిరిగిన ముసలి ఆడ నీటికుక్క. దాని వెనక పిల్లలు వచ్చాయి. తెడ్డు మోగితే చాలు, అన్నీ పడవ చుట్టూ చేరి కిచకిచలాడేవి. నూకరాజు ఆ ముసలిదానికి పెద్దమ్మ అని పేరు కూడా పెట్టాడు.

ఇక చూడాలి అతని దర్జా! "పెద్దమ్మా, చుట్టాలొచ్చారే!" అని తెడ్డు మోగించేవాడు. పెద్దమ్మ వచ్చేది. యాత్రికులు చప్పట్లు కొట్టేవారు. చివరికి కాకినాడలో విహారయాత్రలు నడిపే వసుంధరగారు కబురు చేసింది. ఆదివారం తన వాళ్ళతో వచ్చి చూస్తుంది. నచ్చితే చలికాలమంతా తన యాత్రికులు నూకరాజు పడవే ఎక్కుతారు.

"నీటికుక్క కనిపిస్తుందా?" అని ఆవిడ ఫోనులో అడిగింది.

"ఖాయమండి!" అన్నాడు నూకరాజు.

శుక్రవారం మామగారు ఎర్రయ్య భోజనానికి వచ్చాడు. ఆయన పాయకు అడ్డంగా వల కట్టి చేపలు పట్టేవాడు. వల కట్టాక, పడవ అంచు మీద తెడ్డుతో కొట్టి, బెదిరిన చేపల్ని వలలోకి తోలడం అక్కడి వేటగాళ్ళ పద్ధతి.

"ఇదేం విడ్డూరమో అల్లుడూ," అన్నాడు ఎర్రయ్య, ముద్ద కలుపుకుంటూ. "ఇదివరకు తెడ్డు సప్పుడైతే నీటికుక్కలు పారిపోయేయి. ఇప్పుడు మేం కొట్టీ కొట్టకముందే వల మీదకొచ్చి పడతన్నాయి. సేపలు తినేసి, వల సింపేసి పోతన్నాయి."

నూకరాజు చేతిలో ముద్ద నోటిదాకా పోలేదు. సంగతి అతనికి ఒక్క క్షణంలో అర్థమైంది.

"మరేం చేస్తారు మావా?" అని అడిగాడు.

"ఏం సేత్తాం? గట్టి నైలాను వల తెచ్చాం. ఆదోరం కడతాం. దాన్నవి సింపలేవు. పడితే వాటి కర్మ."

తప్పు తనదేనని చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. కానీ చెబితే ఇక తెడ్డు మోగించనివ్వరు. ఆదివారం ఒక్కటీ గడవనీ, ఆ తర్వాత చెబుదాం అనుకున్నాడు నూకరాజు. చెడ్డ పనులన్నీ ఆ ఒక్కసారికే అనుకుని చేసేవే.

ఆదివారం వసుంధరగారు వచ్చింది. కొంగలు ఉన్నాయి, లకుముకి పిట్టలు ఉన్నాయి, టీ బాగుంది. పడవ పెద్దమ్మ మలుపుకు చేరింది. నూకరాజు తెడ్డు మోగించాడు. ఏదీ రాలేదు. గట్టిగా మోగించాడు. నీళ్ళు కదలలేదు.

"ఖాయమన్నావుగా?" అంది వసుంధరగారు.

అప్పుడు మడ చెట్ల అవతలి పాయలోంచి చప్పుడు వినిపించింది. టకటకా, టకటకా. అచ్చం తన తెడ్డు చప్పుడే. మామగారి కొత్త వల గుర్తొచ్చింది నూకరాజుకు. ఎవరికీ ఏమీ చెప్పకుండా పడవను అటు తిప్పి, శక్తికొద్దీ తెడ్డు వేశాడు.

వెళ్ళేసరికి ఎర్రయ్య వల లాగుతున్నాడు. కొయ్యింగల మధ్య, కొత్త నైలాను దారాల్లో మెడ చిక్కుకుని, నీళ్ళలోనే ఊపిరాగిపోయిన నీటికుక్క ఒకటి పడవలోకి వచ్చింది. దాని చెవి చిరిగి ఉంది. పిల్లలు వల అవతల అటూ ఇటూ ఈదుతూ అరుస్తున్నాయి.

వసుంధరగారి వాళ్ళందరూ దాన్ని చూశారు. బోర్డు మీది మాట ఆ రోజూ తప్పలేదు.

"కొడితే పారిపోవాలి గదా," అన్నాడు ఎర్రయ్య దాని వంక చూస్తూ. "ఎదురొచ్చిందల్లుడూ. సుట్టాల్లాగా ఎదురొచ్చింది."

నూకరాజుకు ఏడుపు ఆగలేదు. "దానికి నేర్పింది నేనే మావా," అన్నాడు. "మీరు వల కడతారని తెలిసీ నోరు విప్పలేదు." అందరి ముందూ మొత్తం చెప్పేశాడు.

ఎర్రయ్య తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది నూకరాజుకు. ఆ చలికాలం వసుంధరగారి మనుషులెవరూ రాలేదు.

నీటికుక్కలు ఆ చప్పుడు మరిచిపోయేదాకా పాయల్లో వల కట్టవద్దని నూకరాజు ఊరివాళ్ళను బతిమాలాడు. అతని తెడ్డు కూడా పడవ అంచుకు తగలకూడదన్న షరతు మీద వాళ్ళు ఒప్పుకున్నారు. మళ్ళీ తెడ్డు చప్పుడుకు పెద్దమ్మ పిల్లలు బెదిరి పారిపోవడానికి ఒక వానాకాలం పట్టింది. ఎర్రయ్య తెడ్డు కొట్టి చూస్తే అవి పారిపోయిన రోజున నూకరాజు బెల్లం పంచాడు.

బోర్డు మాత్రం ఆ ఆదివారమే తీసేశాడు. ఇప్పుడు ఎవరైనా, "నీటికుక్క ఖాయంగా కనిపిస్తుందా?" అని అడిగితే, "పడవ ఖాయమండి, టీ ఖాయమండి. నీటికుక్క దాని ఇష్టం," అంటాడు.

నీతి: తనది కానిదాన్ని ఇస్తానని మాట ఇవ్వకూడదు, అలాంటి మాటకు వెల చెల్లించేది ఇచ్చినవాడు కాదు, ఏ పాపమూ ఎరగని మరొకరు.