కొరియా అతిథులకు విందు, భట్టుగారికి వయసు

ముత్యాలరేవు రాజు మల్లభూపతికి ఒక్కటే పిచ్చి. కొత్త దేశం నుంచి ఓడ వచ్చిందంటే చాలు, అందులోని వాళ్ళకు తన ఇంట విస్తరి వేసి తీరాలి. ఈసారి వచ్చింది కొరియా ఓడ.

"ఆ దేశం వాళ్ళ సంగతి ఎవరికైనా తెలుసా?" అని సభలో అడిగాడు.

ఆస్థాన జ్యోతిష్కుడు దిగ్దర్శన భట్టు లేచి మీసం మెలేశాడు. ఆ మీసానికి నీలాకు రంగు పడుతుందని ఊరంతా ఎరుగును. ఆయన ముందు మాత్రం ఎవరూ అనరు.

"నాకు తెలియని దేశమా మహారాజా! కొరియా వాళ్ళ ముఖాలన్నీ ఒకే అచ్చు. నవ్వడం చేతకాదు. కారం పూసిన పుల్లటి ఆకులు తప్ప ఇంకేం తినరు. మర్యాద అసలే లేదు. నిన్న రేవులో నన్ను చూడగానే మొట్టమొదట నా వయసెంతని అడిగారు!"

"మీరేం చెప్పారు?" అన్నాడు మాచన. ఆయన రేవు వ్యవహారాలు చూసే మంత్రి. ఓడవాళ్ళను విందుకు పిలిచింది ఆయనే.

"ఉన్నదే చెప్పాను. ముప్పై ఆరు."

సభలో చాలామందికి ఒక్కసారిగా దగ్గొచ్చింది.

మాచన ఊరుకోలేదు. "ముఖాల సంగతంటారా, మనల్ని చూసి వాళ్ళూ అదే అన్నారట. అందరికీ ఒకే మీసం, ఎవరెవరో తెలియడం లేదని. పుల్లటి ఆకులంటారా, ఆ ఓడలో నీళ్ళ కుండల కంటే ఊరగాయ జాడీలే ఎక్కువ. ఊరగాయ లేనిదే ప్రయాణం కట్టని వాళ్ళు మనకు పరాయివాళ్ళెలా అవుతారండీ?"

రాజు పకపకా నవ్వాడు. భట్టు ముఖం మాడిపోయింది.

"రేపు విందులో చూద్దాం. వాళ్ళ భాష నాకు కొట్టిన పిండి. దుబాసీ లోపలికి రానక్కర్లేదు" అన్నాడు.

మర్నాడు శనివారం. శనివారాలు రాజుగారికి ఒంటిపొద్దు, పొద్దు గూకితే గానీ మెతుకు ముట్టడు. అయినా అతిథుల కోసం పంక్తి మొదట్లో ఖాళీ విస్తరి ముందు కూర్చున్నాడు. మిగతా విస్తళ్ళలో పులిహోర, గుత్తివంకాయ, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, బొబ్బట్లు వడ్డించారు.

అతిథులు తమ చెంచాలు విస్తళ్ళ పక్కన పెట్టుకున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఒక్కరూ ముద్ద ముట్టరు. భట్టు మాత్రం అప్పటికే మూడో బొబ్బట్టు మీదున్నాడు.

"ఎందుకు తినడం లేదో అడుగు భట్టూ" అన్నాడు రాజు.

భట్టు గొంతు సవరించుకుని ఏదో వింత శబ్దం చేశాడు. అతిథుల పెద్ద, మిన్ అనే ఆయన, కంగారుగా ఏదో బదులు చెప్పాడు.

"ఇది పశువుల మేత అంటున్నాడు ప్రభూ!"

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "నా ఇంట కూర్చుని నా అన్నాన్నే తూలనాడతారా! మాచనా, వీళ్ళను పిలిచింది నువ్వు. ఆ పప్పు చల్లారేలోగా తిన్నారా సరే. లేదంటే ఓడను తరిమేస్తాను, నీ మంత్రి పదవి భట్టుకిస్తాను."

మాచన అతిథుల వంక పరీక్షగా చూశాడు. గుబురు గడ్డం ఉన్న ఒక నావికుడు గోంగూరను చూసి గుటక వేస్తున్నాడు. తర్వాత మిన్ వైపు చూస్తున్నాడు. మిన్ మాత్రం రాజుగారి చేతినే చూస్తున్నాడు. ఇదేదో అహంకారంలా లేదే, ఆకలిలా ఉందే అనుకుని, మాచన వసారాలోకి వెళ్ళి దుబాసీని అడిగాడు.

"వాళ్ళ ఆచారం ప్రకారం పంక్తిలో అందరికంటే పెద్దవారు మొదలుపెడితే గానీ చిన్నవాళ్ళు తినరండి. వయసులు అడిగేది అందుకే" అన్నాడు దుబాసీ. "రాజుగారికి యాభై రెండని రేవులోనే తెలుసుకున్నారు. మిన్ గారికి యాభై. రాజుగారు ముద్ద ఎత్తకుండా వీళ్ళెలా తింటారండీ, పాపం!"

రాజు వ్రతం తప్పడు. మరి రాజు కంటే పెద్దవాళ్ళెవరు? మాచన పంక్తి వైపు చూశాడు. నల్లటి మీసానికి బొబ్బట్టు నెయ్యి అంటుకుని మెరుస్తోంది.

"మిన్ గారి పక్కన ఆ పెట్టె ఏమిటి?"

"జిన్సెంగ్ వేరండి. వాళ్ళ దేశంలో బలానికి తింటారు. విందులో అందరికంటే పెద్దవారికి ఇద్దామని తెచ్చారు."

మాచన ముఖం వికసించింది. దుబాసీ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు.

"మహారాజా, మిన్ గారు అపురూపమైన వేరొకటి తెచ్చారు. నమిలితే ముసలి మోకాళ్ళు కూడా పరుగెడతాయని వాళ్ళ నమ్మకమట. ఈ పంక్తిలో పెద్దవారికే ఇస్తారట. తమకు యాభై రెండు. ఇంకెవరున్నారు, అది తమదే!"

రాజు చెయ్యి చాచబోయాడు. భట్టు నోట్లో బొబ్బట్టు నోట్లోనే ఆగిపోయింది. ఎడమ చేత్తో మోకాలు తడుముకున్నాడు. పెట్టె వైపు చూశాడు. ఇక ఆగలేకపోయాడు.

"ఆగండి! యాభై రెండు కూడా ఒక వయసేనా? మహారాజుకు జాతకం రాసిందే నేను! నాకు డెబ్బై రెండు!"

దుబాసీ ఆ మాట అటు చెప్పాడో లేదో, అతిథులంతా లేచి భట్టుకు వంగి దండం పెట్టారు. బొబ్బట్టుతో నిండిన ఆయన బుగ్గలు చూశారు. చటుక్కున కూర్చుని చెంచాలు అందుకున్నారు. మొదట అయిపోయింది గోంగూరే.

రాజు తెల్లబోయాడు. "ఏమిటిది మాచనా?"

"పెద్దవారు మొదలుపెడితే గానీ వాళ్ళు తినరు మహారాజా. మన పెద్దవారు ఎప్పుడో మొదలుపెట్టారు, వయసు ఒప్పుకోవడమే ఆలస్యమైంది!"

పంక్తి అంతా గొల్లుమంది.

"మరి పశువుల మేత అన్నదెవరు?" అన్నాడు రాజు.

దుబాసీ మిన్‌ను అడిగి తెలుసుకుని తల గోక్కున్నాడు. "ఎవరూ అనలేదండి. భట్టుగారి భాష వినగానే, 'అయ్యో, ఈయనకు పొలమారింది, నీళ్ళివ్వండి' అన్నారటండి."

అంతలో గడ్డం నావికుడు పెట్టె తీసుకుని భట్టు ముందు మోకరిల్లాడు. రెండు చేతులతో వేరు అందిస్తూ, ఎంతో వినయంగా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు భట్టు గుర్రుగా.

"'పుచ్చుకోండి తాతగారూ' అంటున్నాడండి."

అందరికంటే ముందు నవ్వింది మల్లభూపతే. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, తన మెడలోని ముత్యాలహారం తీసి మాచన మెడలో వేశాడు.