డ్యూటీలో ఉన్న సుగుణమణిగారు

ఉదయం ఏడూ యాభైకి లోవకుమారి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్లమీద, మందుల పెట్టె పక్కన పెట్టింది. వేళకు మాట్లాడే పెట్టె అది. మతిమరుపు జబ్బు ముదిరిన సుగుణమణిగారు ఎవరు మాత్ర ఇచ్చినా "డ్యూటీలో ఏమీ పుచ్చుకోను" అంటున్నారని, కొడుకు జయరాజు తన గొంతు అందులో రికార్డు చేసి తెచ్చాడు. మాత్రలు మానేసరికి నెలలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. మూడోసారి వస్తే వృద్ధుల హోమ్‌లో చేర్పించక తప్పదన్నాడు.

"పెట్టె మాటా వినట్లేదండీ. ఎలా వినిపించాలి మాస్టారూ?" అని లోవ ముందురోజే దేవదానంగారిని అడిగింది. రోగుల్ని చూసుకునే పని ఆమెకు నేర్పింది ఆయనే. క్లాసులో అడిగినదానికి క్లాసులో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. పొద్దున్నే వచ్చి గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నారు.

ఎనిమిదింటికి పెట్టె పలికింది: "అమ్మా, నేను జయరాజుని. మాత్ర వేసుకో."

సుగుణమణిగారు నిటారుగా కూర్చుని, "లైన్‌లో ఉండండి" అన్నారు. ఇరవై రెండేళ్ళు కాకినాడ టెలిఫోను ట్రంకు ఎక్స్ఛేంజిలో ఊరికీ ఊరికీ మాట కలిపిన గొంతు. దానికి మాత్రం వయసు రాలేదు. లోవ వైపు తిరిగి, "ఎవరో అబ్బాయి వాళ్ళమ్మ కోసం అడుగుతున్నాడు. కలుపు" అన్నారు.

"ఆ అమ్మ మీరేనండీ!"

"డ్యూటీలో ఉండి సొంత కాల్ మాట్లాడతానా? కొత్తగా చేరావా ఏం?"

"మరి ఎప్పుడు మాట్లాడతారు మేడమ్?" అన్నారు మాస్టారు.

"రిలీవర్ వచ్చి నా సీట్లో కూర్చున్నాక."

ఆయన లేచి దగ్గరికి వెళ్ళారు. "నేనే రిలీవర్నండి."

ఆవిడ ఎగాదిగా చూశారు. "పగటి డ్యూటీకి మగవాళ్ళని ఎప్పట్నించి వేస్తున్నారు?"

"ఈ రోజు నుంచేనండి."

ఆవిడ చెవులమీంచి లేని హెడ్‌ఫోను తీసి, కొంగుతో తుడిచి ఆయన చేతికిచ్చారు. "రాజమండ్రి లైను గరగరమంటోంది, చూసుకోండి." ఆయన దాన్ని తలకు తగిలించుకుని, ఆవిడ కుర్చీలో కూర్చుని, మళ్ళీ పలికేలా పెట్టెమీది మీట నొక్కారు. "సుగుణమణిగారూ, మీ అబ్బాయి."

ఆవిడ బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపుకి వచ్చి, పెట్టెమీదికి వంగారు. "చెప్పు నాన్నా." చివరిదాకా విని మాత్ర వేసుకున్నారు.

మర్నాటి నుంచి రిలీవర్ పని లోవదే అయింది.

వారం తర్వాత జయరాజు మాటల్లో ఆమెకొక సంగతి తెలిసింది. అతని తండ్రి సైకిల్ని లారీ గుద్దినరోజు, ఆసుపత్రి నుంచి కబురొచ్చింది ఎక్స్ఛేంజిలో సుగుణమణిగారి బోర్డుకే. ఆవిడ కుర్చీ వదల్లేదు. ఇతరుల కాల్స్ కలుపుతూనే ఉన్నారు. రిలీవర్‌గా రావలసిన మనిషి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

లోవ వెళ్ళి ఇది మాస్టారికి చెప్పింది.

"నువ్వు కుర్చీ దగ్గరికి ఎన్నింటికి వెళ్తున్నావు?"

"ఎనిమిదికండీ."

"కాస్త ముందే వెళ్ళు."