శంఖపురం సభలో మాట మింగిన కుండలు

అనగనగా, రాజుల మాటకు కాగితం తోడు లేని కాలంలో, శంఖపురమనే పట్టణం ఉండేది. ఆ పట్టణాన్ని ఏలే ధర్మాంగద భూపాలుడు ఒక రాతి సభామంటపం కట్టించాడు. చూడటానికి అది ఎంతో గొప్పది. వినడానికి మాత్రం పనికిరానిది. రాజు ఒక్క మాట అంటే గోడలు పది మాటలు అనేవి. వెనుక వరుసలవారికి రొద తప్ప అర్థం చేరేది కాదు.

అందువల్లనే అక్కడ తిమ్మభట్టుకు అంత విలువ. మంటపం నడుమ నిలబడి, రాజు మాటను విడివిడిగా, గొంతెత్తి తిరిగి చెప్పడం అతని కొలువు. తాతనాటి వెండిబెత్తం అతని చేతిలో ఉండేది. నలభై ఏళ్ళుగా ప్రజలు రాజు మాటను అతని గొంతులోనే విన్నారు.

ఒకనాడు గురవక్క అనే కుమ్మరి స్త్రీ సభకు వచ్చింది. వేలి కణుపుతో కొట్టి, మోత విని, కుండ మంచిచెడ్డలు చెప్పడం ఆమె పని. అలా వినీ వినీ ఆమె ఒక సంగతి కనిపెట్టింది. నోరు బయటికి ఉండేలా కుండను గోడలో పొదిగితే, అది తనకు సరిపడిన ధ్వనిని పట్టి లోపలే ఉంచుకుంటుంది.

"ప్రభూ! గోడలు తిరిగి పలికే మాటలను నా కుండలు మింగుతాయి. తమ మాట ఒక్కటే మిగులుతుంది," అన్నది.

"ఏమమ్మా, కుండలు ఇన్నాళ్ళూ నీళ్ళు తాగేవి. ఇక మాటలు కూడా తాగుతాయా?" అన్నాడు తిమ్మభట్టు. సభ అంతా నవ్వింది.

రాజు నవ్వలేదు. "మూడు సభలు గడువు. మూడవ సభలో చివరి వరుసకు నా మాట వినబడితే నీకు పల్లకి సత్కారం. లేకుంటే నీ కుండలు నీవు తీసుకుపో."

గురవక్క మంటపం గోడలలో కుండలు పొదిగించింది. మొదటి సభనాటికి రొద కొంచెం తగ్గింది. "పరవాలేదే!" అని వెనుక ఎవరో అన్నారు. ఆ చిన్న మాట తిమ్మభట్టుకు ముల్లులా గుచ్చుకుంది. ఆమె మీద తనకు పగ లేదని అతడు తనకు తానే చెప్పుకున్నాడు. కానీ తనను చూడవలసిన కళ్ళు గోడల వైపు తిరగడాన్ని అతడు ఓర్వలేకపోయాడు. అన్నం సయించలేదు. పనివారు భోజనానికి వెళ్ళిన వేళ, తూర్పు గోడ కుండలలో దోసిళ్ళతో బూడిద పోశాడు.

రెండవ సభలో తూర్పు గోడ అసలు మారుపలకలేదు! గురవక్క కుండ మీద కణుపుతో కొట్టింది, లోపల చెయ్యి పెట్టి చూసింది, చాలాసేపు ఆలోచించింది. ఎవరినీ ఏమీ అడగలేదు. మరునాడు పడమటి గోడ కుండలలోనూ బూడిద పోయించింది.

తిమ్మభట్టు మనసు మరింత ఉడికింది. ఈసారి తన పాత జరీ అంచు తలపాగా చింపి, ఆ పేలికలను ఉత్తరపు గోడ కుండలలో కుక్కాడు. ఉత్తరపు గోడ కూడా మౌనం వహించింది.

ఇక మిగిలింది ఒక్క ఉపాయం. జనం కిక్కిరిస్తే ఆ గోలలో ఏ మాటా నిలవదనుకున్నాడు. ఊరూరా తానే చాటింపు వేసి, మూడవ సభకు జనాన్ని పిలిచాడు. ఇసుక వేస్తే రాలనంతగా వచ్చారు. రాజు లేవగానే జనం నోళ్ళు మూశారు. మిగిలిన మారుమోతను వారి ఒళ్ళే పీల్చుకున్నాయి.

"చివరి వరుసలో ఉన్న తాతా, నా మాట వినబడుతున్నదా?" అన్నాడు రాజు, మామూలు గొంతుతో.

"వినబడుతున్నది దొరా! మీకు జలుబు చేసినట్టుంది!" అన్నాడు అక్కడి ముసలి గొర్రెలకాపరి.

సభ ఘొల్లున నవ్వింది. పల్లకి వచ్చింది. గురవక్క ఎక్కలేదు.

"ప్రభూ, కుండలు నావి. బూడిద, పేలికలు నావి కావు. కుండ ఖాళీగా ఉంటేనే పనిచేస్తుందని ఇన్నేళ్ళూ పొరబడ్డాను. ఆ పొరబాటు దిద్దినవారు ఎవరో ఉన్నారు. ఈ పల్లకిలో సగం వారిది."

"ఎవరు వారు?" అన్నాడు రాజు. మళ్ళీ అడిగాడు. మూడవసారి అడిగేసరికి తిమ్మభట్టు ముందుకు వచ్చాడు.

"నేనే ప్రభూ."

"మేలు! ఏ ఆలోచనతో చేశావు?"

పల్లకి ఎదుటనే ఉంది. ఒక్క అబద్ధం చాలు. కానీ గురవక్క కళ్ళలో కోపం లేదు, గెలిచిన గర్వం లేదు. ఆ కళ్ళ ముందు అబద్ధం నోరు దాటలేదు. నలభై ఏళ్ళలో ఎన్నడూ పలకనంత తగ్గు గొంతుతో అతడు అన్నాడు: "చెడగొట్టాలని."

"చెడగొట్టాలనా? ఎంత పని చేశావయ్యా భట్టూ!" అన్నాడు చివరి వరుసలోని ముసలివాడు.

తిమ్మభట్టు వెండిబెత్తాన్ని రాజు పాదాల దగ్గర పెట్టాడు. గురవక్క దానిని తీసి మళ్ళీ అతని చేతికే ఇచ్చింది.

"అన్నా, కుండ మోత నాకు తెలుసు. మాట మనిషికి చేరిందో లేదో ముఖం చూసి చెప్పగలిగినవాడివి నువ్వే. నేను ఇంకా కుండలు పొదగవలసిన మంటపాలు ఉన్నాయి. నాతో వచ్చి, చివరి వరుసలో నిలబడి నాకు తోడుండు," అన్నది. ఆ తరువాత కొంగుముడి విప్పి, జరీ అంచున్న తలపాగా పేలికను ఎవరికీ కనబడకుండా అతని గుప్పిట్లో పెట్టింది.

అసూయ ఎదుటివారి పనిని చెడగొట్టగలదో లేదో గాని, దాచుకున్నవాడి మనసును మాత్రం తప్పక చెడగొడుతుంది. నిజం ఒప్పుకున్ననాడే ఆ మనసు బాగుపడుతుంది.