నిద్రలో కట్టించిన పడవ

మా కొలనుకోట ప్రభువు వల్లభ భూపతికి ఒక అలవాటుంది. ముందు గొప్ప చెప్పేస్తారు, తర్వాత ఆ గొప్పకు తగిన వస్తువు కోసం వెతుక్కుంటారు. నా అలవాటూ అదే. కాకపోతే ఆయన వెతికితే రాజ్యమంతా వెతుకుతుంది, నేను వెతికితే నాకు నేనే దొరకను.

ఒకనాడు ఆయన పొరుగు రాజుకు జాబు రాయించారు. మా కొలనులో హంస పడవ ఉంది, నలభై ఒకటో రోజున దయచేస్తే విహరిద్దాం అని. జాబు పొలిమేర దాటాక మాకందరికీ గుర్తొచ్చింది, మా కొలనులో ఉన్నవి తామరాకులూ బాతులూ మాత్రమేనని.

కోట పనులన్నిటికీ అధికారి త్రివిక్రమయ్యగారు. ఆయన సభలో నిలబడి వేళ్లు మడిచారు. మాను కోసి ఆరబెట్టడానికి పది రోజులు, పడవ కట్టడానికి పద్దెనిమిది, సందులకు గుగ్గిలం పూయడానికి అయిదు, రంగులకు నాలుగు. హంస తల చెక్కడానికి పన్నెండు, పందిరి గుడ్డ కుట్టడానికి పది, మోకులు పేనడానికి ఏడు, తెడ్లకు ఆరు, చివర అన్నీ తెచ్చి బిగించడానికి రెండు.

"మొత్తం డెబ్బై నాలుగు రోజులు ప్రభూ," అన్నారు.

నేను నవ్వాను. నిజం చెబుతున్నా, నవ్వింది లెక్క విని కాదు. ఆయన మీసం మీద ఈగ వాలి, ప్రతి అంకెకీ ఎగిరి మళ్లీ వాలుతోంది.

"బుచ్చన్నకు నవ్వొచ్చిందంటే నలభై రోజుల్లో కట్టే ఉపాయం తెలుసన్నమాట. అతనికే అప్పగించండి," అన్నారు త్రివిక్రమయ్యగారు తీయగా.

సభంతా నా వైపు చూసింది. మా ఇంటి పెంకులు సర్దడం మొదలుపెట్టి మూడేళ్లయిందని అందులో అందరికీ తెలుసు. ప్రభువు మాత్రం తల ఊపేశారు. పడవ నలభై రోజుల్లో నీటిలో దిగాలి. లేదంటే నాకు కొలువు లేదు, గజశాలలో పేడ ఎత్తుకుంటూ బతకాలి. మా గజశాలలో ఏనుగులు పద్నాలుగు.

గట్టిగా ఆలోచిద్దామని భోజనం చేసి నడుం వాల్చాను. సాయంత్రానికి మెలకువ వచ్చింది, దాంతోపాటు ఒక సంగతి తట్టింది. మా కోటలో ఏ పనైనా త్రివిక్రమయ్యగారి చేత్తో తాంబూలం అందాకే మొదలవ్వాలి. ఒక పని పూర్తయితేగాని ఆయన రెండో తాంబూలం ఇవ్వరు. పనిపెద్ద వంగి దండం పెట్టాలి, సన్నాయి మోగాలి, అది ఆయన ముచ్చట. అంటే మాను ఆరుతున్న పది రోజులూ మోకులు పేనేవాడు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఆరుతున్న మానుకూ మోకుకూ ఏమిటి సంబంధం?

మర్నాడు ఆయన దగ్గరికి వెళ్లాను. ప్రభువు మేడ మీంచి చూస్తుండగా తొమ్మిది మంది పనిపెద్దలూ ఒకేసారి వంగి మీకు దండం పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి అన్నాను. ఆయన ఊహించుకున్నారు. లోపలికెళ్లి పట్టు శాలువా కప్పుకొచ్చారు. తొమ్మిది తాంబూలాలూ ఒక్క పూటలో ఇచ్చేశారు. ఏం చేశారో ఆయనకు అర్థమయ్యేసరికి పనివాళ్లు ఆకులు నమిలేశారు.

మాను ఆరింది. వడ్రంగి సూరన్న మామ పడవ కట్టడం మొదలుపెట్టాడు. నేను అతని పక్కనే మంచం వేసుకుని పడుకున్నాను.

ఇరవయ్యో రోజున త్రివిక్రమయ్యగారు ప్రభువు దగ్గర మొరపెట్టుకున్నారు. మోకుల పని మొదలే కాలేదట. గుడ్డ కుట్టేవాడు నా అనుమతితోనే మేనకోడలి పెళ్లికి వెళ్లాడట. నేనేమో ఉన్న కూలీలనూ మజ్జిగ కుండలనూ వడ్రంగి దగ్గరే పెట్టి గురక పెడుతున్నానట. అన్నీ నిజాలే.

ప్రభువు మండిపడుతూ వచ్చారు. "చూడండి ప్రభూ, డప్పు కొట్టినా లేవడు," అన్నారు త్రివిక్రమయ్యగారు. వెంట తెచ్చిన డప్పులవాడి చేత నా చెవి దగ్గర కొట్టించారు కూడా. నేను లేవలేదట.

అప్పుడే సూరన్న మామ ప్రభువును చూసి, సుత్తి కింద పెట్టి దండం పెట్టాడు.

నేను దిగ్గున లేచి కూర్చున్నాను.

"సుత్తి ఆగిందేం మామా?"

ఆ తర్వాత కనిపించారు ప్రభువు. మంచం దిగి, పంచె సర్దుకుని, చేతులు జోడించాను.

"డప్పుకు లేవనివాడివి సుత్తి ఆగితే లేచావేం?" అన్నారాయన.

"మాను, పడవ, గుగ్గిలం, రంగు, బిగింపు. ఇవి ఒకదాని వెనక ఒకటే నడవాలి ప్రభూ, మొత్తం ముప్ఫై తొమ్మిది రోజులు. ఇందులో మనకున్న వెసులుబాటు ఒక్క రోజు. ఇప్పుడు నడుస్తున్నది సూరన్న మామ వంతు. ఈ సుత్తి రెండు రోజులు ఆగితే నేను గజశాలకే."

"మరి మోకులో?" అన్నారు త్రివిక్రమయ్యగారు.

"ఏడు రోజుల పని. ముప్ఫయ్యో రోజు దాకా మొదలుపెట్టకపోయినా పడవ ఆగదు. గుడ్డ పది రోజుల పని, కుట్టేవాడు రేపు వస్తాడు. ఇవాళ వాళ్లను పరుగెత్తించినా పడవ ఒక్క పూట ముందు దిగదు."

ప్రభువు తనే వేళ్లు మడిచి చూసుకున్నారు. రెండుసార్లు. లెక్క కుదిరింది.

"ఇంత లెక్క నీకెలా వచ్చింది బుచ్చన్నా?"

"చురుకైనవాళ్లకు అన్ని పనులూ తొందరవే ప్రభూ. ఏ పనిని ఎన్నాళ్లు వాయిదా వేసినా కొంప మునగదో పుట్టు బద్ధకస్తుడికే తెలుస్తుంది."

ముందు సూరన్న మామ నవ్వాడు, తర్వాత డప్పులవాడు. పడవ ముప్ఫై తొమ్మిదో రోజున నీటిలో దిగిందనుకోండి, పొరుగు రాజు మెచ్చుకున్నాడనుకోండి. కానీ ప్రభువు అన్నాళ్లు ఆగలేదు. అక్కడే, ఆ చెక్కపొట్టులో, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి తన చేతి కంకణం తీసి నాకు తొడిగారు. త్రివిక్రమయ్యగారు నవ్వాపుకోలేక పక్కకు తిరిగారు.

"నవ్వింది చాలు, పక్కకు జరగండి. నా సుత్తికి అడ్డం," అన్నాడు సూరన్న మామ.