గలగలలాడే చేప

వాగు మలుపులో, రాళ్ల మధ్య మడుగులో, కొర్రమీను గౌరమ్మకి పిల్లలు పుట్టారు. ఎర్రెర్రని పిల్లలు ఒకే గుంపుగా తిరుగుతుంటే తల్లికి మురిపెం ఆగేది కాదు. కోపమూ ఆగేది కాదు. పాపం, కప్ప పక్కనుంచి పోయినా నోరు తెరుచుకుని మీదపడేది. ఆవిడ కాస్త కనుమరుగైతే చాలు, జెల్ల చేపలు ఒక్క పిల్లనీ మిగల్చవు మరి. ఆ దిగులుతో ఆవిడ తిండి కూడా మానేసింది.

ఈ సంగతి గట్టు మీది నక్క చిట్టెబ్బాయి కనిపెట్టాడు. వానపామును ఎరవేస్తే గౌరమ్మ కన్నెత్తి చూడదు. అయితే వాడికి తుంగలో బొటనవేలంత బొమ్మచేప దొరికింది. సరదాగా గాలం వేయడానికొచ్చిన పట్నం వాళ్లు దారం తెగి వదిలేసుకున్నది. మూతి కింద చిన్న రేకు, పొట్ట కింద గాలపు ముళ్లు, పొట్టలో గింజలు. దారం పట్టి లాగితే చాలు, నీళ్లలో మునిగి ఒళ్లు ఊపుకుంటూ గలగలమంటూ ఈదేస్తుంది.

"వదినా! ఎవడో బుడతడు నీ పిల్లల్లో దూరాడు. చూస్తూ ఊరుకుంటావా?" కోపంతోనైనా కరవకపోతుందా అని బొమ్మచేపని మడుగులోకి విసిరి, గట్టు మీంచి అరిచాడు చిట్టెబ్బాయి.

గౌరమ్మ గిరుక్కున తిరిగింది. నిజమే! గుడ్లు మిటకరించుకుని ఒకడు పిల్లల మధ్యనుంచి దూసుకుపోతున్నాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"ఎవడ్రా నువ్వు? ఎవరి బిడ్డవి?"

గలగల.

"ఎంత పొగరు! ఉండు, నీ పని చెప్తా!"

"ఆగవే తల్లీ," అంది రాతి సందులోంచి పీత పోలమ్మ. "అంత తొందరేమిటి?"

"వాడు నా పిల్లల్ని మింగేదాకా ఆగమంటావా?"

"ఇంతసేపట్లో ఒక్కదాన్నైనా మింగాడా?"

గౌరమ్మ పరకాయించి చూసింది. మింగడం మాట అటుంచి, వాడసలు నోరే తెరవలేదు. అంతలో గట్టు మీద చిట్టెబ్బాయికి చెవి దురద పుట్టి, దారం లాగడం ఆపాడు. బుడతడు ఈత మానేసి మెల్లగా పైకి తేలాడు.

"అలిసిన చేప అడుక్కి చేరుతుంది గానీ, ఇలా తేలిపోతుందటే?" అంది పోలమ్మ. "పైగా మూతికి దారం కూడానా!"

గౌరమ్మ దారం వెంటే పైకి చూసింది. రెండో కొస చిట్టెబ్బాయి చేతిలో ఉంది. ఇంకాస్తయితే తాను గట్టు మీద, పిల్లలు జెల్లల కడుపులో ఉండేవాళ్లు. ఆ భయం తీరగానే ఆవిడకి పట్టరాని నవ్వొచ్చింది.

"మరిదిగారు ఇంత కష్టపడ్డారు కదా పోలమ్మా, మర్యాద చేయకపోతే ఏం బాగుంటుంది?"

దారం మళ్లీ కదిలింది. గౌరమ్మ తోకతో ఒక్కటిచ్చింది. బొమ్మచేప వెళ్లి నీళ్లలోని వేరుకి చిక్కుకుంది. "అమ్మో, పడిపోయానమ్మో!" అంటూ ఆవిడ మడుగంతా అల్లకల్లోలం చేసింది.

"చిక్కావు వదినా!" చిట్టెబ్బాయి గంతేసి, దారం భుజానికి చుట్టుకుని, మడుగుకి వీపు తిప్పి బలమంతా పెట్టి లాగాడు. దారం బిగుసుకోగానే పోలమ్మ డెక్కలతో వేరుని పుటుక్కున కత్తిరించేసింది. నక్క బురదలో బోర్లాపడ్డాడు. ఎగిరొచ్చిన బొమ్మచేప సరిగ్గా వాడి తోక కుచ్చులో దిగబడింది.

"వదినా, నీకు పుణ్యముంటుంది, తీసిపెట్టవూ!"

"గట్టెక్కి నేనెలా రాను మరిదీ? నువ్వే లోపలికి రా, తీస్తాను."

చిట్టెబ్బాయి తోక జాడించుకుంటూ లగెత్తాడు. అడుగడుక్కీ గలగల. ఇప్పటికీ వాడు గట్టెక్కితే చాలు, ఆ చప్పుడు విని కప్పలు నీళ్లలోకి దూకుతాయి, గౌరమ్మ పిల్లలు కిలకిలా నవ్వుకుంటూ అమ్మ రెక్క చాటుకి చేరతాయి.

మనల్ని రెచ్చగొట్టేవాడికి కావలసింది మన కోపమే; అది వాడికి ఇవ్వకపోతే వాడి గాలం వాడికే గుచ్చుకుంటుంది.