చల్లటి నీళ్ళ చెంచమ్మ

అనగనగా ఒక ఊళ్ళో... ఏ ఊరో చెప్పను. చెబితే మీ అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వస్తుంది. ముందు ఆ దుప్పటి సరిగ్గా కప్పుకో. నా కాళ్ళు ఎందుకిలా విల్లులా వంగాయని పొద్దున్నుంచీ ప్రాణం తీస్తున్నావుగా, అందుకే ఈ కథ. ఇన్నేళ్ళూ అడిగినవాళ్ళందరికీ చిన్నప్పుడు మేడ మెట్ల మీంచి పడ్డానని చెప్పాను. మా ఊళ్ళో అసలు మేడే లేదు తల్లీ!

అనగనగా చెంచమ్మ అని ఒకావిడ. మా అమ్మకి అమ్మ, అంటే నాకు అమ్మమ్మ. ఆవిడ పనేంటో తెలుసా? నీళ్ళ రుచి చూడ్డం. నవ్వకు. మాది వాన మొహం చూడని మెట్ట సీమ. ఒకచోట తవ్వితే తీపి నీళ్ళు, పక్కనే తవ్వితే ఉప్పు నీళ్ళు. అందుకని కొత్త బావిలో నీళ్ళు పడగానే, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెంచమ్మ కోసం బండి కట్టేవాళ్ళు. ఆవిడ మొదటి కడవలోంచి పుక్కిట పట్టి, కళ్ళు మూసుకుని, ఉమ్మేసి, ఒక్క మాట చెప్పాలి. ఆ మాట చెప్పేదాకా ఇంకెవరూ గుక్కెడు కూడా తాగకూడదు. చెప్పాక చీర పెట్టి పంపాలి. బావి మంచిదైనా చెడ్డదైనా చీర పెట్టాల్సిందే. అది ఆచారం.

ఈ విద్య ఆవిడకి వాళ్ళమ్మ నేర్పింది. తీపి, ఉప్పు, చవుడు ఎవరైనా పట్టేస్తారు. నాలుగో రకం ఒకటుంది. నోట్లో ఉన్నంతసేపూ చల్లగా, హాయిగా ఉంటుంది. ఉమ్మేశాక నాలిక కొస మొద్దుబారుతుంది. "అవి ఎముకలు తినే నీళ్ళే. ఆ బావి పూడ్చేదాకా అక్కణ్ణుంచి కదలకు" అని వాళ్ళమ్మ ఒట్టేయించుకుంది.

అప్పుడు మునసబు మాలకొండయ్య, పోయిన తన తండ్రి పేరు మీద ఒక బావి తవ్వించాడు. రాతి మీద పేరు కూడా చెక్కించాడు. చెంచమ్మ పుక్కిట పట్టింది, ఉమ్మింది. "ఉప్పన. గొడ్లకి పనికొస్తాయి" అంది. ఇంకేముంది! మాలకొండయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. "మా నాయన పేరున్న బావి గొడ్లకా? అంటే మా నాయన్ని ఏమంటున్నట్టు?" అన్నాడు. నీళ్ళు ఉప్పగా ఉంటే వాళ్ళ నాయనకేమయిందో నాకిప్పటికీ అర్థం కాదు. పెద్దమనుషులు కూర్చున్నారు. అందరి ముందూ చెంచమ్మ చేత "తప్పయింది" అనిపించారు. మొన్న మీ టీచరమ్మ కూతురి పళ్ళు పచ్చగా ఉన్నాయన్నందుకు మీ అమ్మ నీ చేత సారీ చెప్పించింది చూడు, అట్లాగన్నమాట.

ఆ తర్వాత భజన చేసేవాళ్ళు చందాలేసుకుని ఒక బావి తవ్వారు. దానికి స్వామి పేరు పెట్టారు. ఈసారి చెంచమ్మ ఒళ్ళు దగ్గర పెట్టుకుంది. "కాస్త చవుడు తగులుతోంది నాయనా. నా నోరే బాగాలేదేమో" అని మెత్తగా అంది. ఊరుకున్నారా? స్వామి తీర్థాన్ని చవుడంటుందా అని ఆవిడ వాకిట్లో కుండలన్నీ పగలగొట్టారు. మూడు నెలలు ఒక్కరూ పలకరించలేదు, పొయ్యిలోకి నిప్పు కూడా ఇవ్వలేదు. ఆవిడ మంచి కోరేవాళ్ళు కొందరున్నారులే, పెరటి దోవన వచ్చారు. "నువ్వన్నది నిజమే చెంచమ్మా, మేమూ తాగి చూశాం. కాకపోతే నువ్వు అట్లా అనకుండా ఉండాల్సింది" అన్నారు. ఆ మాట వీధి వాకిట్లో నిలబడి ఒక్కరంటే ఒక్కరు అనలేదు. కుండలు పగలగొట్టినవాళ్ళ కంటే వీళ్ళని తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు చెంచమ్మ ఒక మాట కనిపెట్టింది. "చల్లగా ఉన్నాయి." అబద్ధం కాదుగా మరి, బావి నీళ్ళు చల్లగానే ఉంటాయి! తీపి బావి దగ్గరా అదే మాట, ఉప్పు బావి దగ్గరా అదే మాట. జనం నీళ్ళు తాగి మొహం చిట్లించుకునేవాళ్ళు, చెంచమ్మని మాత్రం పొగిడేవాళ్ళు. ఎంత మర్యాద నేర్చిందో చూడండి అనుకునేవాళ్ళు. పెట్టె నిండా చీరలే.

ఆ తర్వాత ఆవిడ కూతురికి, అంటే మా అమ్మకి, పక్కూళ్ళో పెళ్ళయింది. ఊరి పేరు అడగొద్దన్నానా! మా అమ్మ మామగారి పేరు తిరుపాలయ్య. డబ్బూ దర్పం ఉన్న మనిషి. ఊరందరి కోసమని సొంత ఖర్చుతో రాతి మెట్ల బావి తవ్వించాడు. మంచివాడే, కాదనను. వియ్యపురాలికే బండి పంపాడు. తప్పెట్లు పెట్టించాడు. మొదటి కడవ తోడింది మా అమ్మే. అప్పటికి ఆరో నెల. కడుపులో ఉన్నది నేనే.

చెంచమ్మ పుక్కిట పట్టింది. చల్లగా, హాయిగా ఉన్నాయి. ఉమ్మేసింది. నాలిక కొస మొద్దుబారింది.

కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా తిరుపాలయ్య, ఆయన చేతిలో పట్టుచీర. ఆయన వెనక తప్పెట్లవాళ్ళు, ఊరి జనం. ఆ పక్కన చంకలో కడవతో మా అమ్మ. పూడ్చండి అంటే కూతుర్ని సాయంత్రానికల్లా పుట్టింటికి తోలేస్తారు. మళ్ళీ కుండలు, మళ్ళీ వెలి. "ఎట్లా ఉన్నాయి చెల్లెమ్మా?" అన్నాడాయన.

"చల్లగా ఉన్నాయన్నయ్యా" అంది మా అమ్మమ్మ.

తప్పెట్లు మోగాయి. అందరికంటే ముందు దోసిలి పట్టింది మా అమ్మే. మా అమ్మమ్మ కూతుర్ని పిలిచి చెవిలో చెబుదామనుకుందట, దాని అత్తగారు పక్కనే ఉందని ఊరుకుందట.

ఆ తర్వాత నేను పుట్టాను. ఏడేళ్ళకి వచ్చిన పళ్ళు వచ్చినట్టే పచ్చబడ్డాయి. తొమ్మిదేళ్ళకి కాళ్ళు వంగాయి. నాకొక్కదానికేనా? వీధి వీధంతా అంతే. నీళ్ళ వల్లేనేమో అని ఒక్కరూ అనలేదు. అంటే తిరుపాలయ్య నొచ్చుకుంటాడు, ఊరికి సంబంధాలు రావు. వంకర కాళ్ళ పిల్ల కనపడితే "పడిందా?" అని అడగడం, "పడింది" అని చెప్పడం. నా పెళ్ళిచూపుల్లోనూ అదే చెప్పారు.

అప్పుడు, నా కాళ్ళు వంగిన ఏడే, చెంచమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. నా కాళ్ళు నిమిరింది. నిమిరి నిమిరి, లేచి తిన్నగా బావి దగ్గరికి పోయి గొంతు చించుకుని అరిచింది. "పూడ్చండర్రా! ఇవి ఎముకలు తినే నీళ్ళు. ఆనాడే నాకు తెలుసు!" ఊరంతా పోగయింది. తిరుపాలయ్య కోప్పడలేదు. "ఆనాడు చల్లగా ఉన్నాయన్నావు కదమ్మా. నేను పెట్టిన చీరే కట్టుకొచ్చావు" అన్నాడు. నిజమే, ఒంటి మీద ఆ పట్టుచీరే ఉంది. "అప్పటిది అబద్ధమా, ఇప్పటిది అబద్ధమా?" అని ఎవరో అడిగారు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ రోజూ రెండు కోసుల దూరం నడిచి, నాకొక్కదానికీ తీపి నీళ్ళ కడవ మోసుకొచ్చింది. దారిలో ఎవరైనా ఎందుకీ మోత అంటే, "మా మనవరాలికి చల్లటి నీళ్ళంటే ఇష్టం" అనేది. పూడ్చమని మళ్ళీ అనలేదు. నా కాళ్ళు మాత్రం మళ్ళీ నిటారు కాలేదు. మా అమ్మమ్మంటే నాకు ప్రాణం. ఆవిణ్ణి నేను క్షమించనూ లేదు.

వస్తున్నానే ప్రసూనా, మెల్లగానే చెబుతున్నాను! విన్నావా, మీ అమ్మకి అప్పుడే భయం పట్టుకుంది.

ఆ బావి ఇంకా ఉందే. పూడ్చలేదు, మోటారు పెట్టారు. ఇంటింటికీ కొళాయిలిచ్చారు. మీ టీచరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని రోజూ బస్సెక్కి వచ్చేది ఆ ఊరినించే. ఇప్పుడు తెలిసిందా, ఆ పిల్ల పళ్ళు ఎందుకు పచ్చగా ఉన్నాయో?

ఏంటీ? రేపు టీచరమ్మకి చెప్పేస్తావా? వద్దు! వద్దే తల్లీ, ఆవిడ ఏమనుకుంటుందో ఏమో. మా ఊరినే అంటారా అని గొడవకొస్తే? నిన్ను వెనక బెంచీకి తోస్తే? మీ అమ్మ తల ఎత్తుకోలేదు.

ఛీ, నా నోరు పడ! డెబ్బై ఏళ్ళు వచ్చాయి, కాళ్ళు పోయాయి, అయినా ఈ నోట్లోంచి వచ్చింది ఆ భయం మాటే.

ఒక పని చెయ్యి. రేపు ఇంకో సీసా ఎక్కువ తీసుకెళ్ళు. ఆ పిల్లకి మన నీళ్ళు ఇయ్యి, రోజూ ఇయ్యి. ఎందుకని టీచరమ్మ అడిగితే... చల్లగా ఉంటాయని చెప్పు.

కళ్ళు మూసుకో ఇంక.

చేద దిగింది బావికి,
చీర ఎక్కింది ఒంటికి,
మాట దిగింది గొంతుకి,
కథ నడిచింది కంచికి,
కుంటుకుంటూ నేను నా మంచానికి.